థార్‌లో కొండవాలు మీద పక్కకి ఎన్ని డిగ్రీల వరకు ఒరగనివ్వచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొత్తగా మహీంద్రా థార్ ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకున్నారు. పాడేరు వైపు ఒక మట్టి దారిలో వెళ్తుంటే స్క్రీన్ మీద రోల్ (బండి పక్కకి ఒరిగిన కోణం) 18 డిగ్రీలు చూపించింది. ఇంట్లోవాళ్ళు భయపడ్డారు, మీరు వెనక్కి వచ్చేశారు. మీ స్నేహితుడేమో "ఈ బండి 40 దాటితే గానీ పడదు, 35 వరకు నిశ్చింతగా పోవచ్చు" అంటున్నాడు. అసలు ఎంతవరకు సేఫ్, ముందే చూసి ఎలా అంచనా వేయాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. పక్కకి ఒరగడం 15 డిగ్రీల లోపు ఉంటే నెమ్మదిగా వెళ్ళండి. 15 దాటేలా ఉంటే బండి ఆపి, దిగి, ఆ దారంతా నడిచి చూశాకే వెళ్ళండి. 20 దాటేలా ఉంటే వెళ్ళకండి. 20 నుంచి 25 మధ్య నేను వెళ్ళిన సందర్భాలున్నాయి. అప్పుడు నేల పొడిగా, గట్టిగా ఉంది, బండిలో నేనొక్కడినే ఉన్నాను, ముందు తెలిసిన మనిషి నడిచాడు, మరో దారి లేదు. ఇవన్నీ కుదిరినా సరదాకి చేసే పని కాదది. తిన్నగా ఎక్కడం, దిగడం వేరే లెక్క. పొడి నేల మీద, ఫోర్-లోలో (నాలుగు చక్రాలూ తక్కువ వేగంలో ఎక్కువ బలంతో తిరిగే గేరు), వాలుకి ఎదురుగా వెళ్తే 20–25 డిగ్రీలు మీ బండికి పెద్ద కష్టం కాదు. 18 దగ్గర మీరు వెనక్కి రావడం సరైన పని. ఎవరేమన్నా దాని గురించి బాధపడకండి.

నేను చాలా ఏళ్ళుగా ఏజెన్సీ (మన్యం) ప్రాంతంలో సర్వే పనుల మీద వచ్చేవాళ్ళకి జీపు నడుపుతున్నాను, కొత్త డ్రైవర్లకి కొండ దారులు అలవాటు చేయిస్తుంటాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ స్నేహితుడి 40 ఎక్కడిదో ఊహించగలను. మూడు తలుపుల థార్‌కి అప్రోచ్ యాంగిల్ 41 డిగ్రీల పైచిలుకు అని కంపెనీ చెబుతుంది. చాలామంది దీన్ని "41 డిగ్రీల వాలు ఎక్కుతుంది" అని అర్థం చేసుకుంటారు. అది తప్పు. చదును నేల మీంచి ఎదురుగా ఉన్న గట్టుకి ముందు టైరు తగిలేలోపు బంపర్ తగలకుండా ఉండే కోణం అది. వెనక బంపర్‌కి అలాంటిదే డిపార్చర్ యాంగిల్, దాదాపు 37. మిట్ట దాటేటప్పుడు పొట్ట తగలకుండా ఉండేది ర్యాంప్ ఓవర్ యాంగిల్, 27. ఈ మూడూ బండి అడుగు రాసుకోకుండా ఉండడానికి సంబంధించినవే. బోల్తా పడే కోణానికీ వీటికీ ఏ సంబంధమూ లేదు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. వాలుని కొందరు శాతంలో చెప్తారు, కొందరు డిగ్రీల్లో చెప్తారు. 100 శాతం వాలు అంటే 45 డిగ్రీలు. 35 శాతం అంటే 19 డిగ్రీలే. "35 వాలు ఎక్కించాను" అని ఎవరైనా అంటే శాతమా, డిగ్రీలా అని ముందు అడగండి. సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

ఇక లెక్క సంగతి. బండి నిలకడని రెండు కొలతలు నిర్ణయిస్తాయి. ఎడమ టైరు మధ్య నుంచి కుడి టైరు మధ్య వరకు ఉండే వెడల్పు ఒకటి, నేల నుంచి బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉందన్నది రెండోది. వెడల్పులో సగాన్ని ఆ ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెను స్టాటిక్ స్టెబిలిటీ ఫ్యాక్టర్ అంటారు. అమెరికాలో కార్లకి రోల్ ఓవర్ రేటింగ్ ఇవ్వడంలో ఇదే ముఖ్యమైన కొలత. మామూలు కార్లకి ఇది 1.3 నుంచి 1.5 వరకు ఉంటుంది. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీలకి 1 నుంచి 1.3 మధ్య ఉంటుంది. మన లెక్క కోసం వెడల్పు ఒకటిన్నర మీటరు, బరువు కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ఫ్యాక్టర్ 1.07 వస్తుంది. అంటే కాగితం మీద 47 డిగ్రీల దగ్గర బండి తిరగబడుతుంది.

కాగితం మీద మీ స్నేహితుడిది నిజమే. కానీ ఆ 47 ఎలాంటి బండికి? స్ప్రింగులు లేని, టైర్లు నొక్కుకోని, కదలకుండా నిలబడిన, జారని గట్టి నేల మీద ఉన్న ఖాళీ బండికి. ఇంటర్నెట్‌లో లండన్ డబుల్ డెక్కర్ బస్సుని పై అంతస్తులో బరువులు పెట్టి 28 డిగ్రీలు ఒరిగించినా పడదని చూపించే పరీక్ష గురించి విని ఉంటారు. అది చదును పలక మీద, జారకుండా అడ్డం పెట్టి, నెమ్మదిగా చేసే పరీక్ష. కొండ మీద మీకు అలాంటి పలక దొరకదు.

అసలు బండిలో జరిగేది వేరు. ఒరిగిన కొద్దీ కింది వైపు స్ప్రింగులు నొక్కుకుంటాయి, పై వైపువి సాగుతాయి, బాడీ నేల వాలు కంటే మరో కొన్ని డిగ్రీలు ఎక్కువ ఒరుగుతుంది. బరువు కింది చక్రాల మీదికి చేరుతుంది. పైన చెప్పిన కొలతలతోనే లెక్కేస్తే, 20 డిగ్రీల దగ్గర పై వైపు రెండు చక్రాల మీద మిగిలేది బండి బరువులో మూడో వంతు. 30 దగ్గర పావు కంటే తక్కువ. 35 దగ్గర దాదాపు ఆరో వంతు. స్ప్రింగుల సంగతి కలిపితే ఇంకా తక్కువ. ఆ స్థితిలో పై చక్రం ఒక రాయి ఎక్కితే చాలు, దాన్ని నేలకి అదిమి ఉంచే బరువు ఉండదు.

ఇదంతా దిగి చూస్తే కంటికి కనిపిస్తుంది. ఒరిగిన బండి పక్కన నిలబడి చూడండి. కింది వైపు టైరు గోడ బయటికి ఉబ్బి ఉంటుంది, దాని బయటి అంచున మట్టి చిన్న కట్టలా పైకి తోసుకొచ్చి ఉంటుంది. పై వైపు టైరు వదిలిన అచ్చు చూడండి, ట్రెడ్ గుర్తులు పలచగా, సగం సగం పడి ఉంటాయి. కింది గాడికీ పై గాడికీ లోతులో తేడా ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తే మీరు అంచుకి అంత దగ్గరగా ఉన్నట్టు. స్క్రీన్ మీద అంకె కంటే ముందు నేను టైరు గుర్తులు చూస్తాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: కొండ వాలు ఎంత అన్నది సగం లెక్కే. ఆ వాలు మీద పై చక్రం ఎక్కబోయే రాయి, కింది చక్రం దిగబోయే గొయ్యి కలిపితే ఎంత అవుతుందన్నదే అసలు లెక్క. ఒకటిన్నర మీటరు వెడల్పు బండికి, పై చక్రం 30 సెంటీమీటర్ల రాయి ఎక్కితే అదొక్కటే 11 డిగ్రీలు కలుపుతుంది. కింది చక్రం 20 సెంటీమీటర్ల గోతిలో దిగితే ఏడున్నర డిగ్రీలు. స్ప్రింగులు, టైర్లు కొంత సర్దుకుంటాయి, నిజమే. కానీ వాటి మీద భరోసా పెట్టుకోలేం. 18 డిగ్రీల వాలు మీద పై చక్రం కింద రాయి, అదే క్షణంలో కింది చక్రం కింద గొయ్యి వస్తే 36 దాటుతుంది. నేను పరిమితి 20 దగ్గర పెట్టడానికి కారణం ఇదే. 20కీ 47కీ మధ్య ఉన్న ఖాళీని రాళ్ళు, గోతులు, స్ప్రింగులు, బరువు, వేగం అన్నీ కలిసి తినేస్తాయి. "చాలా మిగిలింది కదా" అని దాన్ని మీరు వాడుకోకూడదు.

ఇది కళ్ళారా చూశాను. కాఫీ పళ్ళు కోసే సీజన్లో ఒక తోట దారి. వాలు పెద్దదేమీ కాదు, చూస్తే 12–13 డిగ్రీలు ఉండచ్చు, రోజూ జీపులు తిరిగే దారే. పైన క్యారియర్ మీద గోనె బస్తాలు, లోపల మనుషులు. ముందు రాత్రి వానకి దారి కింది అంచున నీరు కోసేసి చిన్న గండి పడింది. దాని మీద గడ్డి వాలి ఉండటంతో కనిపించలేదు. ముందు ఎడమ చక్రం అందులోకి దిగింది. జీపు ఒక్క ఊపున పడలేదు, ఒరిగి ఒక క్షణం ఆగినట్టయింది. అప్పుడు పైన బస్తాలు తాడులోంచి కింది వైపుకి జారాయి, దాంతో బండి పక్కకి పడుకుంది. కింద రెండు పెద్ద చెట్లు ఉండబట్టి దొర్లలేదు, ఎవరికీ ప్రాణాపాయం కాలేదు. ఆ దారి వాలుని ఎవరైనా కొలిచి ఉంటే "భేషుగ్గా సేఫ్" అనేవారు.

బరువు ఎక్కడుందో చూసుకోండి. పైన వేసుకున్న లెక్కలోనే 1,750 కిలోల బండి మీద 80 కిలోల సామాను టాప్ క్యారియర్‌లో పెడితే, తిరగబడే కోణం 47 నుంచి 45కి తగ్గుతుంది. రెండే కదా అనిపిస్తుంది. వెనక ఓపెన్ భాగంలో నలుగురు నిలబడితే 42కి వస్తుంది. అదీ వాళ్ళు కదలకుండా నిటారుగా ఉంటేనే. మనుషులు కదలకుండా ఉండరు. బండి ఒరిగినప్పుడు కింది వైపు కడ్డీని పట్టుకుని అటే వాలతారు. జలపాతాలకి, కొండ వ్యూ పాయింట్లకి నిలబడి కేరింతలు కొడుతూ వెళ్ళే జీపులు చూసినప్పుడల్లా నాకు గుండె దడగా ఉంటుంది. పక్కవాలు వస్తే మనుషుల్ని దింపేయండి, పై వైపు తలుపు నుంచే దింపండి, బండికి పై వైపునే నడవమనండి. డ్రైవర్ ఒక్కడే, బెల్టు పెట్టుకుని, ఉండాలి. సామాను కింద, మధ్యలో, తాళ్ళతో బిగించి ఉండాలి. సగం నిండిన నీళ్ళ డ్రమ్ము ఉంటే నింపేయండి లేదా ఒంపేయండి. లోపల నీళ్ళు పల్లానికి ఊగితే ఆ బరువంతా కింది వైపుకి చేరుతుంది.

బండిని సస్పెన్షన్‌తో రెండు అంగుళాలు పైకి లేపించుకోవాలని కూడా అనుకుంటారు చాలామంది. పొట్ట రాసుకోకుండా ఉండడానికి అది మంచిదే, పక్కవాలుకి మాత్రం చేటు. బరువు కేంద్రం పైకి పోతుంది, రెండు మూడు డిగ్రీలు మీరే డబ్బిచ్చి పోగొట్టుకున్నట్టు.

ఇప్పుడు ముందే ఎలా అంచనా వేయాలో చూద్దాం. కంటిని నమ్మకండి. కింద నిలబడి చూస్తే వాలు ఉన్నదానికంటే నిటారుగా కనిపిస్తుంది. అదే డ్రైవర్ సీటులో కూర్చుని, చుట్టూ చెట్లే తప్ప దూరాన చదునుగా ఏదీ కనిపించని చోట పక్కవాలు తక్కువగా అనిపిస్తుంది. ఫోటోలు, వీడియోలైతే అసలు పనికిరావు.

నేను చేసేది చాలా మామూలు పద్ధతి. మీటరు పొడవు కర్ర ఒకటి బండిలో ఎప్పుడూ ఉంటుంది. వాలు మీద కర్ర ఒక కొస నేలకి ఆనించి, రెండో కొసని పల్లం వైపు చాపి, కర్రని మట్టంగా పట్టుకుంటాను. మట్టం చూడటానికి ఫోన్లో లెవెల్ చాలు, లేదా కర్ర మీద సగం నీళ్ళున్న సీసాని పడుకోబెట్టినా చాలు. అప్పుడు గాల్లో ఉన్న కొస నుంచి నేలకి ఎంత దూరం ఉందో కొలవాలి. 27 సెంటీమీటర్లు ఉంటే 15 డిగ్రీలు, 36 ఉంటే 20, 47 ఉంటే 25, 58 ఉంటే 30. ఈ నాలుగు అంకెలు కర్ర మీదే మార్కర్‌తో రాసి పెట్టుకోండి. టేపు లేకపోతే జానతో కొలవండి. మీ జాన ఎన్ని సెంటీమీటర్లో ఇంటి దగ్గరే చూసుకుని వెళ్ళండి.

ఈ కొలత ఒక్కచోట తీసి ఊరుకోకూడదు. టైర్లు నడిచే రెండు గాళ్ళ వెంట నడుస్తూ, ఎక్కువ వాలుగా కనిపించిన ప్రతి చోటా తీయాలి. పై గాడిలో రాళ్ళు ఎక్కడున్నాయి, వాటికి ఎదురుగా కింది గాడిలో ఏముంది, రెండూ ఒకేసారి వస్తాయా అని చూడాలి. మీ బండి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య రెండున్నర మీటర్ల దూరం ఉంటుంది. ముందు చక్రాలు దాటేసిన రాయి కాసేపటికి వెనక చక్రాల కిందికి వస్తుంది, ఆ సమయానికి ముందు చక్రాలు ఎక్కడుంటాయో కూడా లెక్కలో వేసుకోవాలి. కొత్తవాళ్ళు ముందు చక్రాలు దాటగానే హమ్మయ్య అనుకుంటారు.

కింది అంచుని కాలితో గట్టిగా తొక్కి చూడండి. కర్రతో పొడవండి. ఏజెన్సీ ఎర్రమట్టి దారుల్లో బయటి అంచు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కింద నీరు తినేసి డొల్లగా ఉంటుంది. తెలంగాణలో చెరువు కట్టల మీద బండి తోలేవాళ్ళకీ ఇదే ముప్పు, ముఖ్యంగా చెరువు నిండిన తర్వాత. అంచు విరిగితే 5 డిగ్రీల దారి కూడా ఒక్క సెకనులో 40 అవుతుంది. అంచు అనుమానంగా ఉంటే డిగ్రీల లెక్క పక్కన పెట్టేసి, పై వైపుకి జరిగి వెళ్ళే చోటు ఉందో లేదో చూడండి. లేకపోతే వెనక్కి తిరగండి.

వాలు అసలు ఏ దిక్కుకి ఉందో తెలియని చోట సీసాలో నీళ్ళు నేల మీద పోసి చూస్తాను. నీళ్ళు ఎటు పారితే అదే నిజమైన దిగుడు. మీరు ఎక్కాలన్నా దిగాలన్నా ఆ గీత వెంట తిన్నగా వెళ్ళాలి. "నిటారుగా ఉంది, కాస్త ఏటవాలుగా కోసుకుంటూ పోదాం" అనుకోవడమే ప్రమాదం. సైకిల్ మీదైతే అది పనికొస్తుంది, బండికి కాదు. ఐమూలగా వెళ్ళినప్పుడు ఎక్కుడూ పక్కవాలూ రెండూ ఒకేసారి పడతాయి, బరువంతా కింది వైపు వెనక చక్రం ఒక్కదాని మీదికి చేరుతుంది.

నేల తడిస్తే నా అంకెలన్నీ రద్దు. తడి గడ్డి మీద, బంక మట్టి మీద బండి బోల్తా పడే కోణానికి చాలా ముందే జారుతుంది. తడి గడ్డి మీద 12–15 డిగ్రీల దగ్గరే టైర్లు పక్కకి జారడం మొదలవచ్చు. నల్లరేగడి వానకి నానితే ఇంకా ముందే. జారితే ఏమవుతుంది, కిందికి జరుగుతుంది అంతే కదా అనుకోకండి. పక్కకి జారుతున్న బండి కింది టైరు ఒక రాయికో, గాడి అంచుకో, మొద్దుకో తగిలి ఆగితే, మిగతా బండి ఆగదు, దాని మీదుగా తిరగబడుతుంది. బోల్తాల్లో ఎక్కువ భాగం ఇలా తన్నుకుని పడేవే.

మారేడుమిల్లి దగ్గర గుడిస కొండకి సూర్యోదయం చూడాలని చీకట్లో బయల్దేరేవాళ్ళు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. శీతాకాలం తెల్లవారుజామున పైన గడ్డంతా మంచుకి తడిసి ఉంటుంది. సాయంత్రం చూసినప్పుడు హాయిగా ఎక్కిన వాలు తెల్లారేసరికి వేరే నేల. హెడ్‌లైట్ వెలుగులో గోతులు నీడల్లో కలిసిపోతాయి. ఆ దారికి స్థానిక డ్రైవర్ల జీపు మాట్లాడుకోండి. సొంత బండితోనే వెళ్ళాలనుకుంటే ఉన్న గాళ్ళు దాటి గడ్డి మీదికి పోకండి. బోల్తా భయం ఒకటి, ఆ గడ్డినేల గాళ్ళు పడి కోసుకుపోవడం మరొకటి. అడవి దారుల్లో అటవీ శాఖవాళ్ళు వద్దన్న చోటికి అసలు వెళ్ళొద్దు.

టైరు గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని చదివి ఉంటారు. ఇసుకలో, రాళ్ళ మీద అది నిజమే. పక్కవాలు మీద మాత్రం మరీ తగ్గించకండి. కింది టైర్లు ఇంకా ఎక్కువ నొక్కుకుని ఒరుగుడు పెరుగుతుంది, టైరు రిమ్ నుంచి ఊడి వచ్చే ప్రమాదమూ ఉంది.

ఇక వేగం, స్టీరింగు. పక్కవాలు మీద నడక వేగం దాటొద్దు. కారణం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. 8 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరిగేటప్పుడు గంటకి 10 కిలోమీటర్ల వేగంలో ఉంటే, పక్కకి తోసే బలం ఐదున్నర డిగ్రీల ఒరుగుడుతో సమానం. అదే వంపులో 15 కిలోమీటర్ల వేగమైతే 12 డిగ్రీలు దాటుతుంది. మీరు పై వైపుకి తిప్పుతుంటే ఆ బలం బండిని కిందికి తోస్తుంది. 18 డిగ్రీల వాలు మీద కంగారుగా పైకి తిప్పి కాస్త గ్యాస్ ఇస్తే, బండి దృష్టిలో అది 30. స్క్రీన్ మీద మాత్రం 18 అనే ఉంటుంది.

అందుకే, బండి ఒరిగిపోతోందని లేదా జారుతోందని అనిపిస్తే స్టీరింగు పల్లం వైపుకే తిప్పాలి. మనసు పైకి తిప్పమంటుంది, చేతులు అటే పోతాయి. అలవాటు చేసుకుని కిందికి తిప్పాలి, బ్రేకు మీద గట్టిగా తొక్కకూడదు, ఇంజన్ మీద నెమ్మదిగా దిగనివ్వాలి. కిందికి తిరిగితే పక్కకి తోసే బలం పై వైపుకి పనిచేస్తుంది. పైగా బండి మూతి దిగుడు వైపుకి వస్తుంది, పొడవు వాటంలో బండికి నిలకడ ఎక్కువ. దీనికి ఒక షరతు ఉంది: కింద తిరగడానికి చోటు ఉండాలి. కింద లోయ ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే. కాబట్టి పక్కవాలులోకి వెళ్ళేముందే "జారితే ఎక్కడికి తిప్పుతాను?" అని ఒక చోటు ఎంచుకోండి. అలాంటి చోటు కనబడకపోతే నా పరిమితి 15కి పడిపోతుంది.

టూరిస్టుల బండి ఒకటి సరిగ్గా ఇలాంటి చోట ఇరుక్కుంది. వాలు పెరుగుతోందని డ్రైవర్‌కి అర్థమైంది, అక్కడివరకు బాగానే ఉంది. కానీ అక్కడే బండి తిప్పి వెనక్కి పోదామని పై వైపుకి కోశాడు. బండి ఐమూలగా నిలబడి పై వైపు ముందు చక్రం నేలని తాకీ తాకనట్టు ఉంది. అటుగా వెళ్తున్న మేము ఆపి, లోపలివాళ్ళని ఒక్కొక్కరినీ పై తలుపు నుంచి దింపించాం. డ్రైవర్ని స్టీరింగు తిన్నగా చేయమని, రివర్స్ గేరులో, వచ్చిన గాడిలోనే అంగుళం అంగుళం వెనక్కి రప్పించాం. మా కుర్రాడు పై వైపు నిలబడి "అన్నా, ఇంకొంచెం... ఆగు... ఇప్పుడు రా" అంటూ చేత్తో చూపించాడు. పక్కవాలు మీద ఎప్పుడూ బండి తిప్పకూడదు. వచ్చిన గాడిలోనే వెనక్కి రావాలి, ఆ నేల బండిని మోసిందని అప్పటికే తెలుసు కదా.

దారి చూపించే మనిషి ఎప్పుడూ పై వైపున, డ్రైవర్‌కి కనిపించేంత దూరంలో ఉండాలి. కింది వైపున ఎవరూ ఉండకూడదు. చేత్తో పట్టుకుని ఆపుదామని, భుజం పెట్టి నెడదామని కింది వైపుకి పరిగెత్తేవాళ్ళని ముందే గట్టిగా వారించండి. దాదాపు రెండు టన్నుల బండిని ఎంతమంది పట్టుకున్నా ఆగదు. అలాగే బండి నిజంగా పడిపోతుంటే డ్రైవర్ బయటికి దూకకూడదు, కాలో చెయ్యో బయట పెట్టకూడదు. బెల్టు ఉండగా లోపల బిగుసుకుని కూర్చున్నవాడికే బతికే అవకాశం ఎక్కువ.

తప్పనిసరిగా వెళ్ళాల్సిన చోట దారినే మార్చుకోవచ్చు. గునపం, పార ఉంటే పై చక్రం నడిచే గాడిని 15 సెంటీమీటర్లు లోతు చేయండి. ఒకటిన్నర మీటరు వెడల్పు బండికి అది దాదాపు 6 డిగ్రీలు తగ్గిస్తుంది, 22 ఉన్న చోటు 16కి వస్తుంది. కింది గాడిలో రాళ్ళు పేర్చి ఎత్తు చేయడం సులభం అనిపిస్తుంది కానీ, బరువంతా కింది చక్రాల మీదే ఉంటుంది కాబట్టి పేర్చిన రాళ్ళు జారితే మొత్తం పోతుంది. తవ్వడమే మేలు. అరగంట పని, చెమట పడుతుంది, అయినా తవ్వండి.

తిన్నగా ఎక్కే వాలు గురించి ఒక్క మాట. మధ్యలో ఇంజన్ ఆగిపోతే పక్కకి తిప్పే ప్రయత్నం చేయొద్దు. బ్రేకు తొక్కి పట్టుకుని, రివర్స్ గేరు వేసి, స్టార్ట్ చేసి, స్టీరింగు తిన్నగా పెట్టి, ఇంజన్ పట్టు మీద వెనక్కి దిగండి. న్యూట్రల్‌లో గానీ క్లచ్ తొక్కి గానీ దిగొద్దు. తిన్నగా ఉన్నంతసేపు బండి పొడవు మిమ్మల్ని కాపాడుతుంది, పక్కకి తిరిగిన క్షణం వెడల్పు మీద ఆధారపడతారు.

ఇక మీరు చూసిన స్క్రీన్ మీద అంకె సంగతి. అది పనికొస్తుంది, కానీ అది చూపించేది ప్రస్తుతం బండి బాడీ ఎంత ఒరిగిందో. ముందున్న రెండు మీటర్లలో ఏముందో దానికి తెలియదు. మరో విషయం, సున్నా సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. చదునుగా కనిపించే చోట బండి ఆపి అంకె చూడండి. తర్వాత బండిని వెనక్కి తిప్పి అవే టైరు గుర్తుల మీద ఆపి మళ్ళీ చూడండి. ఒకసారి ఎడమకి 2, రెండోసారి కుడికి 2 చూపిస్తే నేలే అంత వాలుగా ఉంది, మీటరు సరైనదే. రెండుసార్లూ ఎడమకి 2 చూపిస్తే మీటరులో తేడా ఉంది, లేదా బండి ఒక పక్కకి కుంగి ఉంది. ఫోన్ యాప్ వాడేవాళ్ళు కూడా ఇలాగే సరిచూసుకోవాలి. ఫోన్‌ని డ్యాష్‌బోర్డు మీద జారకుండా బిగించండి. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త, కదులుతూ స్క్రీన్ చూడకండి. పక్కనున్నవాళ్ళని పైకి చదవమనండి, లేదా ఆపి చూసుకోండి.

ఇక్కడ ట్రాక్టర్ ఉన్న రైతులు కూడా చదువుతుంటారు కాబట్టి ఇది చెప్పాలి. ఈ అంకెలు ట్రాక్టర్‌కి వాడొద్దు. ట్రాక్టర్ ముందు యాక్సిల్ మధ్యలో ఒక పిన్ను మీద ఊగేలా ఉంటుంది. అది పూర్తిగా ఊగి ఆగేదాకా ట్రాక్టర్ నిలకడ నాలుగు చక్రాల మీద కాదు, వెనక రెండు చక్రాలు, ముందు ఆ ఒక్క పిన్ను, అంటే మూడు బిందువుల మీదే ఉంటుంది. చూడటానికి వెడల్పుగా ఉన్నా జీపు కంటే ముందే పడుతుంది. ట్రాలీ తగిలిస్తే, అందులోనూ లోడుతో ఉంటే, ఇంకా చాలా ముందే. ట్రాక్టర్‌కి రోల్ బార్ ఉంటే బెల్టు పెట్టుకోండి. ఆ రెండూ కలిసి ఉంటేనే ప్రయోజనం.

మీరు మొదట చేయాల్సిన పని చెప్తాను. ఊరి బయట, కింద చదునుగా ఖాళీ స్థలం ఉన్న చిన్న గట్టు ఒకటి చూసుకోండి. అనుభవం ఉన్నవాళ్ళని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. కర్రతో కొలిచి 10 డిగ్రీలున్న చోట బండి పెట్టి, దిగి, టైర్లు చూడండి. తర్వాత 15 దగ్గర అలాగే చూడండి. సీటులో కూర్చున్నప్పుడు 15 ఎలా ఉంటుందో ఒంటికి తెలియాలి. పల్లం వైపుకి స్టీరింగు తిప్పి దిగడం అక్కడే పదే పదే చేయండి, చేతులు వాటంతటవే అటు పోయేదాకా. అదయ్యాక మీరు ఆగిపోయిన ఆ పాడేరు దారికి మళ్ళీ వెళ్ళాలనుకుంటే, కర్రతో కొలిచి ఎక్కువ వాలున్న చోట ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో, పై గాడిలో పెద్ద రాయి ఎత్తెంతో, కింది అంచు ఎలా ఉందో, ఆ మూడూ ఇక్కడ రాయండి. వెళ్ళచ్చో లేదో చెప్తాను.